మావయ్య కారు కదలని ఆదివారం

నా చిన్నప్పుడు మా మావయ్య వస్తున్నాడంటే కారు కంటే ముందు పాట వినిపించేది. మేమప్పుడు విశాఖపట్నంలో పోర్టు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరు. పొద్దున్న ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఇనుప ఖనిజం దుమ్ముతో ఎర్రబడిపోయే ఆ వీధిలో, కారున్న చుట్టం మా ఒక్కరికే ఉండేవాడు. మావయ్య అమ్మకి తమ్ముడు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. అక్కడ చిన్న చిన్న కాంట్రాక్టులు చేసి, ఎవరో వాడి అమ్మేసిన తెల్ల కారు కొనుక్కున్నాడు.

అందులో టేపు రికార్డరు పెట్టించాడు. ఆ శబ్దం చాల్లేదు. వెనక అద్దం కింద రెండు పెద్ద స్పీకర్లు, వాటికి బలం ఇవ్వడానికి ముందు సీటు కింద ఇనప పెట్టెలాంటి బూస్టరు వచ్చాయి. తీగలన్నీ తనూ ఒక స్నేహితుడూ కలిసి ఒక్క పూటలో లాగేశారు. పాటలో డోలు దెబ్బ పడినప్పుడల్లా కారు ముందు దీపాలు మసకబారేవి. పిల్లలం దానికి చప్పట్లు కొట్టేవాళ్ళం. రాత్రి మా ఇంట్లో పడుకున్నాడంటే మాత్రం పొద్దున్న కారు ఓ పట్టాన కదిలేది కాదు. నలుగురు వచ్చి నెట్టాల్సిందే. బ్యాటరీ మంచిది కాదని మావయ్య కొత్తది వేయించాడు. అయినా నెట్టుడు తప్పలేదు.

అప్పటికి నాకు పదకొండేళ్ళు. ఆ టేపు గురించి ఇంకెవరూ గమనించని సంగతి ఒకటి నేను కనిపెట్టాను. తాళం పెట్టకపోయినా అది పాడుతుంది.

ఒక శనివారం సాయంత్రం వచ్చిన మావయ్య మర్నాడు కూడా ఉండిపోయాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్ళందరూ నడుం వాల్చారు. నేను చప్పుడు చేయకుండా వెళ్ళి కారులో కూర్చున్నాను. అద్దాలు ఎత్తేసి, చిన్నగా పెట్టుకుని, ఒక క్యాసెట్టు రెండు పక్కలా విన్నాను. గంట పైనే అయ్యుంటుంది. తర్వాత ఆపేసి, ఏమీ ఎరగనట్టు లోపలికి వచ్చాను.

సాయంత్రం అయిదు దాటాక పోర్టు గేటు ఆఫీసు నుంచి ఒకాయన సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. బెజవాడ నుంచి నాన్నకి ఫోను వచ్చిందట. మా మేనత్త ఆసుపత్రిలో ఉంది, వెంటనే బయల్దేరమన్నారు. నాన్నకి ఆవిడ అక్క మాత్రమే కాదు. చిన్నప్పుడే తల్లి పోతే ఒళ్ళో వేసుకుని పెంచింది ఆవిడే. విశాఖ స్టేషన్‌లో ఎక్కాల్సిన బండి అప్పటికే వెళ్ళిపోయింది. విశాఖకి రాకుండా దువ్వాడ మీదుగా పోయే ఇంకో బండికి గంటన్నర టైముంది. కారుంది కదా, అందుతుందని అందరికీ ధైర్యం.

నాన్న చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కారెక్కాడు. మావయ్య తాళం తిప్పాడు. టక్కుమని ఒక చప్పుడు వచ్చింది, అంతే. మళ్ళీ తిప్పాడు. ఈసారి అదీ లేదు.

వీధంతా వచ్చి నెట్టింది. నాన్న కూడా దిగి, ఉతికిన చొక్కాతోనే భుజం ఆనించి నెట్టాడు. "తొయ్యండ్రా, ఇంకోపాలి తొయ్యండి! అందుకుంటాది!" అని ఎదురింటాయన కేకలు వేస్తూనే ఉన్నాడు. ఇంజను ఒక్కసారి దగ్గింది. అందరూ "ఆఁ ఆఁ" అన్నారు. ఆగిపోయింది. నాన్న చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది. అమ్మ దాన్ని ఏరుకొచ్చి చేత్తో పట్టుకుని నిలబడింది. నేను గుమ్మంలో ఉన్నాను. మధ్యాహ్నం పాటలు విన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. అప్పుడు చెప్పినా కారు కదలదని కూడా నాకు తెలుసు.

చివరికి ఎవరో ఆటో పిలుచుకొచ్చారు. నాన్న దువ్వాడ చేరేసరికి బండి ప్లాట్‌ఫారం దాటేసింది. తెల్లవార్లూ అక్కడే బెంచీ మీద కూర్చుని, పొద్దున్న బండికి వెళ్ళాడు. ఆయన ఆసుపత్రి మెట్లెక్కేటప్పటికే అత్తయ్యని బయటికి తెస్తున్నారు.

దినాలయ్యాక నాన్న తిరిగొచ్చాడు. ఎవరినీ ఏమీ అనలేదు. మావయ్యని కూడా ఒక్క మాట అనలేదు. అన్నం పెడితే తినేవాడు, డ్యూటీకి వెళ్ళేవాడు. ఆయన ఎదురుపడితే నేను పక్క గదిలోకి తప్పుకునేదాన్ని. నన్ను ఎవరైనా కొట్టి ఉంటే బాగుండేది. అడిగేవాళ్ళు లేక, చెప్పుకునే దారి లేక, రెండు రోజులు జ్వరం తెచ్చుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం మావయ్య పాత టౌను నుంచి ఒక ముసలి సాయిబుగారిని వెంటబెట్టుకొచ్చాడు. కార్లలో కరెంటు పని చేయడంలో ఆయనకి పేరు. మావయ్య బ్యాటరీని తిడుతూ ఏదో చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపి, టీ పెట్టించమని లోపలికి పంపేశారు. కారు పక్కన నేనొక్కదాన్నే మిగిలాను. నా మొహంలో ఏం కనపడిందో మరి, "ఏటి బేటీ, ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు.

నేను ఏడ్చేశాను. మధ్యాహ్నం పాటలు విన్న సంగతి, బండి అందని సంగతి, అత్తయ్య సంగతి అన్నీ ఆయనకే మొదట చెప్పాను. ఆయన నన్ను ఊరుకోమని అనలేదు. పూర్తిగా విని, బానెట్ ఎత్తి, బ్యాటరీ తీగ ఒకటి ఊడదీశారు. ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య చిన్న బల్బు పెట్టి, నన్ను దగ్గరికి రమ్మన్నారు. బల్బు ఎర్రగా వెలుగుతోంది.

"సూడు. తాళం తీసేసాం. టేపు ఆపేసాం. దీపాలు లేవు. మరి ఇదెందుకు ఎలుగుతంది? ఎవుడో కరెంటు తాగుతన్నాడు. ఎవుడో సూద్దాం."

సీటు కింద చెయ్యి పెట్టమన్నారు. బూస్టరు పెట్టె గోరువెచ్చగా ఉంది. దాని తీగ లాగగానే బల్బు ఆరిపోయింది. టేపు ఆపినా బూస్టరు ఆగడం లేదనీ, తాళంతో సంబంధం లేకుండా తీగని నేరుగా బ్యాటరీకి కలిపేశారనీ చెప్పారు. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా అది తాగుతూనే ఉంది.

"అయితే నా వల్ల కాదా తాతా?" అన్నాను ఆశగా.

ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నారు.

"నువ్విన్న గంటలో కూడా కరెంటు పోనాది బేటీ. లేదని నాను అబద్దం సెప్పను. అది నేకపోతే బండి కదిలేదో నేదో, ఆ ఖుదాకే తెలుసు. మొత్తం నువ్వే అని మాత్రం నెత్తినెత్తుకోకు. పోయి మీ నాన్నకి సెప్పు. కడుపులో పెట్టుకోకు."

నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వెళ్ళి చెప్పాను. మావయ్య టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి, విని, అక్కడే ఆగిపోయాడు. నాన్న నా వైపు చూడలేదు. "అక్క దగ్గర్నుంచి ఆ ముందు బుధవారమే ఉత్తరం వచ్చిందమ్మా" అన్నాడు. "ఒకసారి వచ్చి కనపడరా తమ్ముడూ అని రాయించింది. ఓడ పని అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను."

నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మావయ్య చేతిలో టీ చల్లారిపోయింది. ముగ్గురిలో ఒకరిని ఒకరు ఓదార్చే శక్తి ఎవరికీ లేదు.

సాయిబుగారు సాయంత్రం దాకా పనిచేశారు. బూస్టరుకి లాగిన సన్న తీగ తీసేసి లావుది వేశారు. ఎర్తు తీగని కారు రేకుకి బిగించిన చోట రంగు గీకి, ఇనుముకి ఇనుము తగిలేలా బిగించారు. తాళం తిప్పితేనే బూస్టరుకి కరెంటు వెళ్ళే ఏర్పాటు చేశారు. కారు మొదటి తిప్పుకే అందుకుంది. ఎవరూ సంతోషించలేదు.

తర్వాత నేను బడిలో టీచరుగా చాలా ఏళ్ళు పనిచేశాను. ఏదో పాడుచేశామని, ఎవరికో దెబ్బ తగిలించామని పిల్లలు వణుకుతూ వచ్చేవారు. "నీదేం లేదులే" అని తేలిగ్గా పంపేయడానికి నాకు నోరు రాలేదు. "అంతా నీ వల్లే" అని అనడానికీ రాలేదు. ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమనేదాన్ని. చెప్పినంతసేపూ పక్కనే కూర్చునేదాన్ని. ఆ సాయంత్రం పాపంలో నా వంతు ఎంతో నాకు ఈ వయసు వచ్చినా తెలియదు, ఇక తెలియదు కూడా. తెలియకుండానే బతకొచ్చని, దాన్ని దాచుకోకుండా బతకాలని మాత్రం ఆ రోజే తెలిసింది.