అన్నయ్య బొటనవేలు

ఎందుకమ్మ అని ఆమెకు పేరు పెట్టింది అన్నయ్యే. చిన్నప్పుడు ప్రతిదానికీ "ఎందుకు?" అంటూ అతని ప్రాణం తోడేసేది. ఆ పేరు ఇంట్లోంచి ఆఫీసుకు ఎలా పాకిందో గానీ, ఇప్పుడు అక్కడా అందరూ అలాగే పిలుస్తారు. ఫోన్ యాప్‌లో ఏ బటన్ ఎక్కడుండాలి, ఏది నొక్కితే ఏ తెర రావాలి అన్నది తేల్చడం ఆమె ఉద్యోగం.

అన్నయ్య దర్జీ. కత్తెర ఎంత ఆడేదో నోరూ అంత ఆడేది. గొంతుకు ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. కొన్నాళ్ళు కాగితం మీద రాసి చూపించాడు. రాయడం పూర్తయ్యేసరికి అవతలివాళ్ళు వేరే కబుర్లలో పడిపోతున్నారని కలం పక్కన పడేశాడు. ఇప్పుడు ఏమడిగినా తల ఊపడమే.

ఆమె కంపెనీలో సరిగ్గా ఇలాంటివాళ్ళ కోసమే ఒక యాప్ ఉంది. తెర మీది మాటల్ని ఒక్కొక్కటే నొక్కి వాక్యం పేరిస్తే ఫోను పైకి చదువుతుంది. చిక్కల్లా, అది ఐఫోన్‌లోనే ఉంది. అన్నయ్యది ఆండ్రాయిడ్. దానికి తగ్గట్టు మార్చే పని రాగానే ఆమె అడిగి మరీ తీసుకుంది. తెరలన్నీ ఉన్నవి ఉన్నట్టు దించేసింది. ఘనకార్యం చేశాననుకుంది కూడా, పాపం.

దుకాణంలో మిషను పక్కన కూర్చుని అన్నయ్య వాక్యం మొదలుపెట్టాడు. ఇంటి మాటలు ఒక తెర మీద, మనుషుల మాటలు ఇంకో తెర మీద ఉంటాయి. ఒక మాట నొక్కి, వెనక్కి రావడానికి ఫోను అడుగున ఉండే బాణం నొక్కాడు. యాపే మూసుకుపోయింది. పేర్చిందంతా గంగపాలైంది. మళ్ళీ పేర్చాడు, మళ్ళీ అదే.

"వెనక్కి రావాలంటే పై మూలన నొక్కాలి అన్నయ్యా, ఇదిగో ఇక్కడ," అని చూపించింది.

అతను తల ఊపాడు. బొటనవేలు మాత్రం కిందికే పోయింది. మూడోసారికి ఫోను బోర్లించి, కుట్టాల్సిన ప్యాంటు ఒళ్ళోకి లాక్కున్నాడు. దీన్నీ వదిలేస్తాడేమోనని ఆమెకు భయం పట్టుకుంది.

భయంతో పాటు పాత పురుగు కూడా తొలిచింది. మనిషి విన్నాడు కదా, వేలెందుకు వినలేదు? అప్పట్నుంచి బస్సులో, లిఫ్టులో, మందుల షాపులో జనం మొహాలు మానేసి బొటనవేళ్ళు చూడడం మొదలుపెట్టింది. ఒకావిడ అనుమానపడి ఫోను బ్యాగులో దాచేసుకుంది. ఎవరిని చూసినా అంతే. ఆండ్రాయిడ్ చేతిలో ఉంటే వేలు ఆలోచించకుండా అడుక్కి పోతుంది, లేదా అంచు నుంచి లోపలికి జారుతుంది. ఐఫోన్‌లో అడుగున ఆ బాణమే లేదు. అందుకే యాప్ తయారుచేసేవాళ్ళు పైన ఒకటి పెడతారు. ఈ సంగతి ఆమెకు తెలియక కాదు, చదువుకుంది. కానీ ఏళ్ళ తరబడి చేతిలో ఉన్నది ఐఫోనే. కింది బాణం ఉందన్న ధ్యాసే రాలేదు. తప్పు చేసి, దాన్ని అన్నయ్యకు అలవాటు చేయబోయినందుకు సిగ్గేసింది.

వాడగా వాడగా జనమే నేర్చుకుంటారులే అన్నాడు ఆఫీసులో పెద్దాయన.

"మాట పోయినాయన్ని వేలు కూడా మార్చుకోమంటామా అండీ?" అంది ఎందుకమ్మ.

ఆమె తెరలన్నీ మళ్ళీ గీసింది. ఇప్పుడు కింది బాణం నొక్కితే అంతకుముందు చూసిన తెర వస్తుంది. వాక్యం ఉన్నచోటే ఉంటుంది.

ఈసారి అన్నయ్య చేతికి ఫోనిచ్చి, ఒక్క ముక్క చెప్పకుండా కూర్చుంది. నోరు మూసుకోవడం ఆమెకెంత కష్టమో ఆమెకే తెలుసు. వేలు కిందికి పోయింది, పైకి వచ్చింది, ఇంకో తెరలోకి దూరింది. వాక్యం పెరుగుతూనే ఉంది. వదిన కాజాలు కుట్టడం ఆపి ఇటే చూస్తోంది. చివరికి ఫోను మాట్లాడింది.

"ఈ గొంతు బాగాలేదు. మా మామగారి గొంతులా ఉంది. మార్చు."

ఎందుకమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"మా నాన్న గొంతుకేమొచ్చింది?" అంది వదిన.

అన్నయ్య అప్పటికే జవాబు పేరుస్తున్నాడు.