తెగని షెహనాయి

మా ఇంటి పేరు చెబితే కమాన్‌పూర్ వైపు ఒకప్పుడు కూర్చున్నవాళ్లు లేచేవారు. మా ఊరు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో పోయింది. సెంటినరీ కాలనీ పక్కన అద్దె ఇంట్లో నాకు మిగిలింది ఒక సౌండ్ మాడ్యూల్. కంప్యూటర్ నుంచి వైరుతో పాట ఎక్కిస్తే షెహనాయి, డోలు, వయొలిన్లు ఒకేసారి పలికే నల్లపెట్టె. మా నాన్న తెప్పించాడు. ఈ గనుల ప్రాంతానికి వచ్చిన మొదటిది అదే.

ఈ దసరాకు కాలనీ ఆర్కెస్ట్రా వాళ్లు దాన్ని అడగడానికి వచ్చారు. వాళ్లది చెడిపోయిందట. వాళ్లలో పెద్దవాడు గనిలో పనిచేసి రిటైరైనవాడు. అతని తండ్రి మా ఇంట్లో జీతానికి ఉండేవాడు, మా నాన్నను దొరా అని పిలిచేవాడు. ఇతను నన్ను అన్నా అంటాడు. ఒక్క షరతు మీద ఇచ్చాను. మొదటి పాట మా పెట్టె మీదే మోగాలి, మైకులో మా ఇంటి పేరు చెప్పాలి. జమ్మి ఆకు మొదట మా చేతికే వచ్చిన రోజులు నేను చూశాను.

రిహార్సల్‌లో ల్యాప్‌టాప్ నుంచి పాట పెట్టారు. షెహనాయి సాగుతుండగా డోలు, వయొలిన్లు అందుకున్నాయి. షెహనాయి మధ్యలో తెగింది. మళ్లీ పెట్టారు. మళ్లీ అక్కడే.

"ఏమనుకోకుండ్రి అన్నా," అన్నాడతను. "మీది మొదట్ల వచ్చిన మోడల్. ఒక్కపారి ఇరవై నాలుగు స్వరాలు దాటితే ఓపది. ముందుగాల మోగినదాన్ని తెంపి కొత్తదానికి జాగ ఇస్తది. తర్వాత వచ్చిన దాంట్ల ఇంకో నాలుగు ఎక్కువుంటయి, బుస్సుమనే చప్పుడు గూడ తక్కువ. బసంత్‌నగర్ల మా బావకాడ ఉన్నది."

మొదటిదానికున్న నాదం తర్వాతివాటికి రాదన్నాను. అతను వాదించలేదు. వాదిస్తే బాగుండేది.

పండుగ సాయంత్రం నాకు ముందు వరుసలో కుర్చీ వేశారు. వేదిక మీద మా పెట్టెకు కుంకుమ పెట్టి బంతిపూల దండ వేశారు. దాని నారింజరంగు తెర వెలుగుతోంది. మైకులో మా ఇంటి పేరు చెప్పగానే చప్పట్లు కొట్టారు. నేను నిటారుగా కూర్చునే చెయ్యెత్తాను.

పాట మొదలైంది. షెహనాయి సాగింది. డోలు అందుకుంది, వయొలిన్లు కలిశాయి. తెగే చోటు వచ్చింది.

తెగలేదు.

అప్పుడు చూశాను. ల్యాప్‌టాప్ నుంచి వైరు మా పెట్టెకు రాలేదు, బల్ల కింద గుడ్డ చాటున పెట్టిన ఇంకో పెట్టెకు పోయింది. ప్రేక్షకుల్లో ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే. పాట అయ్యాక అతను నావైపు తిరిగి దండం పెట్టాడు. తిరిగి పెట్టాను. అంతమందిలో ఇంకేం చేయగలను?

మర్నాడు దండ తియ్యకుండానే పెట్టె తెచ్చి ఇచ్చాడు.

"మస్తు పలికింది దొరా," అన్నాడు.

అతని నోట ఆ పిలుపు వినడం అదే మొదలు. పెట్టె అందుకుని తలుపు వేసుకున్నాను.