పథ్యంలో నేతి చెంచా

తట్టు తగ్గిన తర్వాత మా నాలుగేళ్ల పాప పొద్దు వాలితే గోడలు తడుముకునేది. హనుమకొండ దవాఖానలో నర్సమ్మ మందు ఇచ్చి, “ఇది రేచీకటి. క్యారెట్టు, మునగాకు దండిగ పెట్టు. ఆలస్యమైతే చూపే పోతది” అన్నది.

ఈస్టరు పండుగకు ముందు వచ్చే శ్రమదినాలు నడుస్తున్నాయి. అంగట్లో లేత క్యారెట్లు, పచ్చిబఠానీలు ఇంకా దొరుకుతున్నాయి. మునగచెట్టు పెరట్లోనే ఉంది. పాప అన్నంలో ఆకు కనబడితే ఉమ్మేసేది, సేమ్యా అయితే తినేది. అందుకని అత్తమ్మ చేత్తో చేసి ఎండబెట్టిన సేమ్యాను ఉడికించి, కూరలన్నీ అందులో కలిపి రోజూ పెట్టాను. మూడు వారాలైనా సాయంత్రమైతే పాప నా చెయ్యి వదలలేదు.

మళ్లీ దవాఖానకు పోయాను. ఎట్ల వండుతున్నావని నర్సమ్మ అడిగితే అంతా చెప్పాను.

“మరి నూనె?”

“పథ్యం గదమ్మా.”

“నూనె దీపాలకేనా మీ ఇంట్ల? నూనెనో నెయ్యో లేకుంటె ఆకుల బలం ఒంటికి పట్టది. రోజు చెంచెడు ఎయ్యి.”

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ గయ్యిమన్నది. “ఆ నర్సమ్మ ఎంతమందిని కన్నదట? తట్టు పోయినంక నెయ్యి తిన్నోడే నా చిన్న కొడుకు. దగ్గు లేచి మూడొద్దులకు పోయిండు.”

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. నేనా, బడి మొహం చూడనిదాన్ని. మా నాయన ఇంట్లో సువార్త ముందు పెట్టి నేర్పిన అక్షరాలే నా చదువు. పొయ్యి ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, ఆమె చూస్తుండగానే చెంచాడు నెయ్యి వేశాను. దాచి వేయడానికి మనసొప్పలేదు.

తెల్లారి పాప దగ్గింది. అత్తమ్మ పాప వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నది. ఆమె తిట్టినా బాగుండేది. మధ్యాహ్నానికి దగ్గు ఆగింది. సాయంత్రం మళ్లీ నెయ్యి వేస్తూ పాప వైపే చూస్తుంటే రెండు చెంచాలు పడింది.

పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక మునిమాపు, దీపం ఇంకా ముట్టించలేదు, అత్తమ్మ బఠానీలు ఒలుస్తున్నది. గడప మీద ఉన్న పాప, “నానమ్మా, నీ కాలికాడ ఒకటి పడ్డది” అంటూ నడిచొచ్చి ఏరి ఆమె చేతిలో పెట్టింది.

స్తోత్రం ప్రభువా అనుకున్నాను. అత్తమ్మ ఆ గింజను చాలాసేపు గుప్పిట్లోనే పట్టుకున్నది. తర్వాత లేచి నేతి గిన్నె తెచ్చి నా పక్కన పెట్టింది.

“ఈ నెయ్యి రేపటికి సాలది. ఎన్న కాంచు.”