మూటలన్న వదలని ఫైలు

ఆఫీసులో అందరూ అతన్ని మూటలన్న అంటారు. పిల్లల చదువుల యాప్‌కి కోడ్ రాసేది వేరేవాళ్లు; బొమ్మలూ పాటలూ ఫాంట్లూ ఏరి, మూటగట్టి, తయారైన యాప్‌లోకి కాపీ అయ్యేలా చూసేది ఇతను. పొద్దున్నే కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, మానిటర్‌కి ముక్కు ఆనించి, ఒక్కో ఫైలు పేరూ పెదవులు కదుపుతూ చదువుకుంటాడు, ప్రయాణం ముందు సామాను సరిచూసుకునే పెద్దదిక్కులా. "కోడ్‌లో చుక్క తప్పితే మెషీన్ ఇల్లు పీకి పందిరేస్తుంది. బొమ్మో పాటో రాకపోతే మాత్రం నోరు మెదపదు," అని కొత్తవాళ్లకు చెబుతాడు.

మొన్న టీమ్ లీడ్ అమ్మాయి అతని కుర్చీ వెనక నిలబడింది. "అన్నా, యాప్ సైజు తగ్గించమంటున్నారు. పిల్లల్ని మెచ్చుకోడానికి మెషీన్ గొంతు పెట్టాక ఈ 'శభాష్' ఆడియో ఎక్కడా వాడట్లేదుగా, ఇంకా ఎందుకు మోస్తున్నారు?"

"ఉండనీ తల్లీ, ఓ మూలన పడుంటుంది."

"ఎవరూ విననిదాన్ని అందరి ఫోన్లలోకీ ఎందుకన్నా?"

అదీ నిజమే. "శభాష్ నాన్నా!" అన్న ఆ గొంతు అతని భార్యది. యాప్ మొదలైన రోజుల్లో కుక్కర్ దించి, వంటింటి తలుపు మూసి, ఫోన్‌లో రికార్డు చేసింది, చివర్లో నవ్వాపుకోలేకపోయింది. ఆమె పోయింది. ఇంట్లో ఇంకో కాపీ ఉంది కానీ, ఊరూవాడా ఫోన్లలో ఆమె ఉందన్న ధీమా వేరు.

కళ్లజోడు దించుకుని జాబితాలోంచి ఆ ఫైలు పేరు చెరిపేశాడు. యాప్‌ని మళ్లీ తయారుచేసే బిల్డ్ మొదలుపెట్టి, ఎక్కడైనా ఆగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. మెషీన్ నోరు మెదపలేదు. అంతా సవ్యంగా ఉందని తెర మీద పచ్చగా రాసింది.