చదవకుండా సంతకం పెట్టినవాడు

ముప్ఫై ఏళ్లు టికెట్ ఇన్‌స్పెక్టరుగా బస్సులెక్కి దిగిన మనిషి ఆయన. రిటైరైనా వీధివాళ్లకి చెకింగ్ మామే. ఎదుటివాడు నవ్వితే ఎందుకు నవ్వాడా అనీ, నవ్వకపోతే ఏం దాస్తున్నాడా అనీ ఆలోచించేవారు.

మేడమీది రెండు గదులు అద్దెకివ్వడానికి తొమ్మిది పేజీల అగ్రిమెంటు స్వయంగా రాశారు. మేకు కొట్టాలంటే ముందు అడగాలి, మెట్లమీద చెప్పులు చప్పుడు కాకూడదు, బట్టలు నీళ్లు కారుతుండగా ఆరేయకూడదు, ఇలా. వచ్చినవాళ్లు మూడో పేజీ దాకా చదివి, "ఆలోచించి చెప్తామండీ" అని జారుకునేవారు. చివరికి ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే మెకానిక్కు ఒకడొచ్చి, ఒక్క ముక్కా చదవకుండా సంతకం గీకేశాడు. ఒకటో తారీఖున దిగుతానని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ క్షణం నుంచీ ఆయనకి అన్నం సహించలేదు.

"చదవకుండా సంతకం పెట్టాడంటే ఏదో ఉంది."

"నేనూ చదవలేదు. నాలో ఏముంది?" అంది భార్య, మజ్జిగ పోస్తూ.

మర్నాడు మెకానిక్కు ఇప్పుడు అద్దెకుంటున్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్లారు. ఆ ఇంటి యజమానురాలు బట్టలు కుడుతుంది. సంగతి వినగానే కత్తెర కింద పెట్టింది.

"అతనికా? మీ ఇష్టం అన్నయ్యగారూ. పొద్దస్తమానం సుత్తి మోత. కుళాయి కట్టడు. ఒక మాటంటే మీదికొస్తాడు."

తన అనుమానం నిజమైనందుకు ఆయన మనసు తేలికపడింది. ఇంటికొచ్చి అగ్రిమెంటు రద్దంటూ ఉత్తరం మొదలుపెట్టారు.

"అంత చెడ్డవాడైతే ఆవిడ దణ్ణంపెట్టి మీకు అప్పగించాలి కదా. ఎందుకు చెడగొడుతోంది?" అంది భార్య.

కలం ఆగిపోయింది. సాయంత్రం మళ్లీ బయల్దేరారు. గుమ్మం దాకా వెళ్లేసరికి లోపల మెకానిక్కు కుట్టుమిషను కింద దూరి ఉన్నాడు.

"నువ్వెళ్తే దీన్ని చూసే దిక్కెవరురా తమ్ముడూ? పైగా ఆయన కాగితాలు మహాభారతమంత ఉన్నాయట. చదివావా అసలు?"

"చదివితే సంతకం పెట్టలేనని చదవలేదక్కా. ఇక్కడ గాలాడక మా ఆవిడ రోజూ ఆయాసపడుతోంది. ఆ మేడమీద నాలుగు కిటికీలున్నాయి."

ఆయన చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగారు. దారంతా ఎవరి మీదో తెలియని కోపం. ఇల్లు చేరేసరికి అది తన తొమ్మిది పేజీల మీదేనని తేలింది.

రెండు రోజులు కూర్చుని దాన్ని ఒక్క పేజీకి దించారు. మెకానిక్కుని పిలిపించి, "చదివితేగాని సంతకం వద్దు" అన్నారు. అతను వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, తలెత్తాడు.

"నాలుగోది కుదరదండీ. వారానికి ఇద్దరే చుట్టాలంటే మా అత్తగారు ఒప్పుకోదు."

"ఎందుకు ఒప్పుకోదు?"

"ఆవిడెప్పుడూ ఇద్దరు చెల్లెళ్లని వెంటేసుకొస్తుందండీ."

గంటసేపు వాదించుకుని ముగ్గురి దగ్గర రాజీపడ్డారు. ఎదురు చెప్పిన మనిషి మీద ఆయనకి అనుమానం రాలేదు. తాళంచెవి ఆ పూటే ఇచ్చేశారు.