అర్థమైంది సార్

ప్రింటరు బాగుచేసిన పాపానికి నా నెత్తిన మెయిల్ సర్వర్ పడింది. భీమవరం శివార్లలో రొయ్యలను శుభ్రం చేసి, గడ్డకట్టించి, ఓడల మీద విదేశాలకు పంపే ఫ్యాక్టరీలో నాది కాగితాల ఉద్యోగం. ఏ కంటైనర్లో ఏ సరుకు వెళ్ళింది, ల్యాబులో ఏ పరీక్షలు చేశారు, సర్టిఫికెట్లు ఎవరిచ్చారు, అన్నీ జతచేసి మెయిల్లో పంపడం నా పని. ఒకసారి ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగి తీశాను. ఆ రోజు నుంచి ఆఫీసులో కంప్యూటర్లు తెలిసిన మనిషిని నేనే అయిపోయాను.

మా మెయిళ్ళన్నీ మూలగదిలో సర్వర్ అనే ఒక పాత మెషీన్లో ఉండేవి. దాన్ని పెట్టిన ఇంజినీరు ఎప్పుడో ఉద్యోగం మారిపోయాడు, ఫోన్ నంబరు కూడా మార్చేశాడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ మెషీన్ లేవనని మొరాయించేది. ఒక శనివారం ఓనరు గారు కొత్త మెషీన్ తెప్పించి నన్ను పిలిచారు.

"పాతదాంట్లో మెయిళ్ళన్నీ ఇందులోకి మార్చేయమ్మా. రేపు ఆదివారం కదా, హడావిడి ఉండదు. సాయంత్రానికల్లా అయిపోద్దా?"

"అయిపోతుందండి," అన్నాను.

ఎలా అవుతుందో నాకేం తెలుసు? సర్వర్‌కీ నాకూ ఉన్న పరిచయమల్లా దాని మీద దుమ్ము తుడవడమే. కానీ ఆయన అంత నమ్మకంగా అడుగుతుంటే కాదనడానికి నోరు రాలేదు. మా వైపు అంతే. మొహం మీద అడిగితే కుదరదని చెప్పలేం, తరవాత లోలోపల కుమిలిపోతాం. మళ్ళీ దానికి మర్యాద అని పేరు పెట్టుకుంటాం.

అప్పటికి మా సరుకు ఒక కంటైనర్ సముద్రం మీద ఉంది. దాని ల్యాబు రిపోర్టులు మెయిల్లో వచ్చాయి, మెయిల్లోనే ఉండిపోయాయి, వేరే కాపీ లేదు. ఓడ రేవు చేరాక అక్కడివాళ్ళు ఏ రిపోర్టు అడిగినా వెంటనే పంపాలి. పంపలేకపోతే సరుకు వెనక్కి వస్తుంది, దానితోపాటు నా ఉద్యోగమూ పోతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆదివారం పొద్దున్నే ఆఫీసుకి వచ్చి, ఇలాంటి పనుల్లో ఒకరికొకరు సాయం చేసుకునే ఫోరమ్ ఒకటి ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకున్నాను. ప్రశ్న ఇంగ్లీషులో రాయాలి. గౌరవనీయులైన సార్లకు, మేడమ్‌లకు నమస్కారం అని మొదలుపెట్టాను. మీ అమూల్యమైన సమయం తీసుకుంటున్నందుకు మన్నించమన్నాను. కామర్సు చదివాననీ, కంప్యూటర్లు పెద్దగా తెలియవనీ, మీ ఇంట్లో పిల్లలాంటిదాన్ననుకోమనీ రాశాను. మళ్ళీ చదువుకుంటే నాకే ముచ్చటేసింది. కాసేపటికి మొదటి జవాబు వచ్చింది. "ఇంతకీ ప్రశ్న ఏంటి?"

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఈసారి ప్రశ్న రాశాను. తెలియనివాళ్ళు సర్వర్ల జోలికి పోకూడదు, ఎవరినైనా పనికి పెట్టుకో అని ఇంకొకడెవడో సలహా ఇచ్చాడు. వాడి మొహం మండ, పెట్టుకునే వీలుంటే వాడి గుమ్మంలోకి ఎందుకొస్తాను? తెలుగులో తిట్టుకుని, ఇంగ్లీషులో థాంక్యూ అని రాశాను.

చివరికి ఒకరు దొరికారు. అక్షరాలూ అంకెలూ కలిపిన మారుపేరు తప్ప ఏ దేశమో, ఆడో మగో తెలియదు. నేను మాత్రం రిటైరైన లెక్చరరుగారిని ఊహించుకుని సార్ అనడం మొదలుపెట్టాను. ఈ కమాండ్ కొట్టు, ఏం వచ్చిందో చెప్పు అంటూ ఓపిగ్గా ఒక్కో అడుగూ రాసేవారు. ప్రతి అడుగు చివరా అర్థమైందా అని అడిగేవారు. "అర్థమైంది సార్" అని నేను రాసేదాన్ని. సగం అర్థమయ్యేది కాదు. అంత కష్టపడి చెబుతున్న పెద్దమనిషితో అర్థం కాలేదని ఎలా అనడం? విసుక్కుని వెళ్ళిపోతే? ఆయన పోతే ఆ రోజు నాకు దిక్కెవరూ లేరు.

మధ్యాహ్నానికి కాపీ అయిపోయినట్టు తెర మీద కనిపించింది. అంతకుముందు ఎర్రటి అక్షరాల్లో ఏవో లైన్లు వచ్చి పైకి జారిపోయాయి. "మెయిళ్ళు తెరిచి చూశావా?" అని సార్ అడిగారు. జాబితాలో పైనున్న ఒకటి రెండు తెరిచాను. బాగానే ఉన్నాయి. "చూశాను సార్, అన్నీ వచ్చాయి సార్," అని రాసేశాను.

"అయితే ఇక పాత డిస్క్ తుడిచేయొచ్చు," అని ఒక కమాండ్ పంపారు. తుడిచిన డిస్క్‌ని కొత్త మెషీన్‌కి అదనంగా తగిలించాలని ఓనరు గారి కోరిక, అది సార్‌కి ముందే రాశాను. ఒకసారి ఇది కొడితే పోయినవి ఇక తిరిగిరావని కూడా సార్ హెచ్చరించారు.

కమాండ్ టైపు చేశాను. ఎంటర్ నొక్కడమే మిగిలింది. వేలు ముందుకు పోలేదు. కిటికీలోంచి చూస్తే, చెరువుల నుంచి రొయ్యల లారీ వచ్చి ఆగి ఉంది. మా సూపర్‌వైజరు పైనున్న ట్రేల వైపు కన్నెత్తి కూడా చూడకుండా, ఐసులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునున్న రొయ్యలు తీసి చూస్తున్నాడు. పైన మంచి సరుకు పేర్చి పంపడం అందరికీ తెలిసిన విద్యే కనుక, మా దగ్గర అడుగు చూడకుండా ఎవరూ సంతకం పెట్టరు. నేనేమో మెయిళ్ళ పై ట్రే మాత్రమే చూసి సంతకం పెట్టేశాను.

జాబితాలో అడుక్కి పోయి ఒక మెయిల్ తెరిచాను. పైన పేరుంది, తేదీ ఉంది, లోపలేమీ లేదు. ఇంకోటి తెరిచాను, అదీ ఖాళీ. సముద్రం మీదున్న కంటైనర్ రిపోర్టులు వెతికి తెరిచాను. అవీ ఖాళీయే. ఎక్కడ పొరపాటున ఎంటర్ మీద వేలు పడుతుందోనని, టైపు చేసిన కమాండ్‌ని ఒక్కో అక్షరమే చెరిపాను.

తరవాత ఫోరమ్‌లో ఇలా రాశాను. "సార్, నేను అబద్ధం చెప్పాను. అన్నీ చూడలేదు. పొద్దున్నుంచి మీరు చెప్పినదాంట్లో సగం నాకు అర్థం కాలేదు. మీరు విసుక్కుంటారని అర్థమైందన్నాను. ఇప్పుడు మెయిళ్ళు ఖాళీగా ఉన్నాయి. నాకు చాలా భయంగా ఉంది."

పంపేశాక తెర వైపు చూసే ధైర్యం లేక గోడ వైపు తిరిగి కూర్చున్నాను. తిరిగి చూసేసరికి జవాబు ఉంది. "మంచిది. ఇప్పుడు నేను నీకు సాయం చేయగలను. ఆ ఎర్ర అక్షరాల్లో ఏముందో చూపించు."

కొత్త మెషీన్‌లో మెయిళ్ళకి ఇచ్చిన చోటు సగంలోనే నిండిపోయిందట. చోటు పెంచి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి అర్థంకానిదల్లా అర్థం కాలేదనే రాశాను. ఒక్కో సంగతి నాలుగైదుసార్లు అడిగాను. సార్ ఒక్కసారీ విసుక్కోలేదు. పొద్దున్నుంచీ ఆయన తరఫున నేనే విసుక్కుంటున్నానన్నమాట.

సాయంత్రం కాపీ పూర్తయిందని తెర మీద పడిందో లేదో, కరెంటు పోయింది. జనరేటరు అందుకుంది. కొత్త మెషీన్ లేచింది. పాతది గుర్రుమని చప్పుడు చేసి ఆగిపోయింది. బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. కొత్తదాంట్లోకి ఏం వచ్చిందో అదే ఇక మాకు దిక్కు. ఏం వచ్చిందో నేనింకా చూడలేదు.

సరిగ్గా అప్పుడే ఓనరు గారు ఫోన్ మాట్లాడుతూ లోపలికి వచ్చారు. అవతల విశాఖపట్నంలో ఉండి మా ఎగుమతులు చూసే ఏజెంటు. ఓడ రేవు చేరిందట, ల్యాబు రిపోర్టులు అడుగుతున్నారట.

"ఆఁ, అయిపోయిందండి. మావాళ్ళు ఇప్పుడే పంపించేస్తారండి," అంటూ నా వైపు చూశారు.

తలూపితే ఆ నిమిషానికి గండం గడిచిపోతుంది.

"లేదండి," అన్నాను. "పాత మెషీన్ పోయిందండి. కొత్తదాంట్లోకి అన్నీ వచ్చాయో లేదో ఇంకా చూడలేదండి. నాకు తెలీదండి."

ఆయన మొహం మాడిపోయింది. ఫోన్ అరచేత్తో మూసి, "అదేంటమ్మా! నువ్వు అయిపోద్దన్నావనే కదా నేను వాళ్ళకి మాటిచ్చేశాను," అన్నారు.

అది నిజమే. నా మాట పట్టుకుని ఆయన, ఆయన మాట పట్టుకుని ఏజెంటు, చివరికి కంటైనరెడు సరుకు నా మొహమాటం మీద నిలబడి ఉంది.

"నిన్న మీరడిగినప్పుడు కూడా నాకు తెలీదండి. కాదనలేక అయిపోతుందన్నానండి."

ఆయన ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నారు. "ఏమనుకోకండి. ఇంకా చూడలేదటండి. చూశాక చెప్తాను. ఇప్పుడే మాటివ్వలేనండి."

ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. జాబితాలో అడుగు నుంచి మొదలుపెట్టాను. మొదటి మెయిల్ తెరుచుకుంది, లోపల రిపోర్టు ఉంది, ల్యాబు ముద్రతో సహా. రెండోదీ ఉంది. కంటైనర్ తాలూకువన్నీ ఒక్కొక్కటే తెరిచి, చివరి పేజీ దాకా చూసి, ఏజెంటుకి పంపాను. అందాయండి అని అటునుంచి జవాబు వచ్చేదాకా ఇద్దరం తెర ముందునుంచి లేవలేదు. వచ్చాక నాకు ఏడుపొచ్చింది. ఆయన చూస్తున్నా ఆపుకోలేదు.

ఓనరు గారు రుమాలుతో మొహం తుడుచుకుని, "భోంచేశావా అమ్మా?" అని అడిగారు.

మా వైపు తిన్నా తినకపోయినా ఆ ప్రశ్నకి ఒకటే జవాబు. అది నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదండి," అన్నాను. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదండి. బాగా ఆకలేస్తోంది."