కుటుంబ పోషణ అనే గడి

మా నాయనకు ఒక నియమం ఉంది. కూతురి సొమ్ము తినకూడదు, తింటే ఆ ఇంట్లో గింజ నిలవదు అంటాడు. పదకొండేళ్లుగా ఈ నియమాన్ని ఆయన ఒక్క రోజు కూడా తప్పకుండా చెబుతూ వచ్చాడు. చెబుతూ వచ్చాడు అంటున్నాను, పాటించాడు అనడం లేదు.

అక్క కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. బావ బెంగళూరులో ఇంకో సంసారం చూసుకుంటే, ఏడేళ్ల కూతురిని మా అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి తను విమానం ఎక్కింది. మాది నల్లమాడ పక్క పల్లె. ఇరవై ఎకరాల మెట్ట. వేరుశనగ వేస్తాం. వాన దయ తలిస్తే వేసిన విత్తనం తిరిగి ఇంటికొస్తుంది. అయినా ఇరవై ఎకరాల ఆసామి ఆసామే కదా!

నెలకోసారి కదిరి నుంచి ఒకాయన బైకు మీద వచ్చి, పేపర్లో చుట్టిన నోట్లు ఇచ్చి, టీ తాగి పోయేవాడు. దాన్ని హుండీ అంటారు. అక్క అక్కడ దినార్లు ఒకరి చేతిలో పెడితే, ఇక్కడ ఇంకొకరు రూపాయలు మా చేతిలో పెడతారు. రశీదు లేదు, సంతకం లేదు, సర్కారుకు తెలియదు. ఎందుకు పంపిందని అడిగే మనిషే లేడు. మా నాయనలాంటి నియమస్థుడికి ఇంతకన్నా సుఖం ఏముంటుంది? "దాచిపెట్టమని పంపించిందప్పా" అని అరుగు మీద కూర్చున్న వాళ్లకు చెప్పేవాడు. ఆ దాచిన దుడ్లతోనే బియ్యం వచ్చాయి. రెండు బోర్లు వేసి రెండింటిలోనూ దుమ్ము చూశాం. నేను బి.ఎడ్. చదివాను. ఇప్పుడు ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఆ జీతం నా పెట్రోలుకూ ఫోనుకూ సరిగ్గా సరిపోతుంది.

పోయిన ఏడాది సోదాలు ఎక్కువయ్యాయని హుండీ ఆయన భయపడి మానేశాడు. సరిగ్గా అప్పుడే అక్క కూతురికి అనంతపురంలో నర్సింగ్ సీటు వచ్చింది. శనివారం సాయంత్రంలోగా ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. అక్క తన యజమానురాలిని బతిమాలి నాలుగు నెలల జీతం ముందే తీసుకుని, మొదటిసారి బ్యాంకు ద్వారా నాయన ఖాతాకు పంపింది. మంగళవారం బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. డబ్బు వచ్చింది, కానీ ఒక కాగితం రాసిస్తే గానీ ఖాతాలో పడదట.

బ్యాంకులో ఆఫీసరమ్మ కోస్తా అమ్మాయి, మర్యాద మనిషి. "ఏం లేదు పెద్దాయనా, విదేశం నుంచి వచ్చిన డబ్బు కదా, ఎందుకు పంపారో రాయాలి. ఇక్కడ కుటుంబ పోషణ అని రాసి సంతకం పెట్టండి చాలు" అంది.

నాయన పెన్ను కింద పెట్టేశాడు.

"ఎవర్ని ఎవురు పోషిస్తాండారమ్మా? ఇరవై ఎకరాలుండాది నాకు. కూతురు నన్ను సాకుతాందని నా చేత్తో రాసియ్యాల్నా?"

"పోనీ, బహుమతి అని రాయండి."

"దానం పట్టే వంశం కాదమ్మా మాది."

ఇక్కడ నేను కలగజేసుకున్నాను. చదువుకున్నవాణ్ని కదా, ఊరికే ఉంటే చదువుకు అవమానం. నాయన పరువూ నిలవాలి, పనీ కావాలి. పెన్ను తీసుకుని, పెద్ద అక్షరాల ఇంగ్లీషులో 'అప్పు' అని రాశాను. నాయన ముఖం వెలిగిపోయింది. అప్పు తీసుకోవడం మగతనం, మా సీమలో అప్పు లేని ఆసామి ఎవడు? గబగబా సంతకం పెట్టేశాడు. ఆఫీసరమ్మ ఏదో అనబోయి, వెనక వరుస చూసి ఊరుకుంది.

బుధవారం ఆఫీసరమ్మ నుంచి మళ్లీ ఫోను. విదేశం నుంచి అప్పు తెచ్చుకుంటే దానికి వేరే చట్టమట. ఒప్పంద పత్రం ఏది, గడువెంత, వడ్డీ ఉందా లేదా, తిరిగి ఏ దారిన పంపుతారు అని పై ఆఫీసు అడుగుతోందట. అంతవరకూ డబ్బు కదలదు. మాటకు మాటగా నాయన "కట్టేస్తాలేమ్మా, కువైటుకు పంపిస్తా" అన్నాడు. బయటికి పంపాలంటే దానికి ఇంకో ఫారం, పాన్ కార్డు, పెద్ద మొత్తమైతే ముందే పన్ను పట్టుకోవడం అని ఆమె చెబుతూ పోయింది. దినార్లను రూపాయలు చేసినందుకే సర్కారు కొంత పన్ను తీసుకుంటుందని కూడా చెప్పింది. "మా పిల్ల పొయ్యి కాడ చేసిన కష్టంలో వీళ్లకేం పాలు?" అని నాయన ఎగిరాడు. పదకొండేళ్లు పాలు పంచుకున్నది ఎవరో ఆ క్షణాన మా ఇద్దరికీ గుర్తు రాలేదు.

గురువారం అక్కకు చెప్పక తప్పలేదు. స్పీకర్లో పెట్టాను.

"అప్పని రాసినారా? రేయ్, నీకు ఇంగ్లీషు చదువు చెప్పించింది ఇందుకేనా రా?" అంది. తర్వాత గొంతు మారింది. "నాయనా, నా పిల్ల నా మాదిరి ఒకరింట్లో గిన్నెలు తోమకూడదనే ఈడికొచ్చినా. నీ మర్యాదకు నా పిల్ల సీటు తాకట్టు పెట్టొద్దు."

నాయన ఆ పూట ముద్ద కలిపి వదిలేశాడు. మనవరాలు వచ్చి కంచం తీస్తే, ఆ పిల్ల ముఖం వంక చాలాసేపు చూశాడు.

శుక్రవారం పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని బయలుదేరాడు, నన్ను పిలవకుండానే. బైకు తీసి వెనకాలే వెళ్లి బస్టాండులో ఎక్కించుకున్నాను.

ఆఫీసరమ్మ కొత్త కాగితం ఇచ్చింది. "ముందు అప్పని రాశారు కాబట్టి, ఈసారి వివరంగా రాయాలి పెద్దాయనా. ఎవరెవరి పోషణ కోసమో కూడా" అంది.

నాయన నా వైపు తిరిగాడు. "రాయప్పా. నా కూతురు కుటుంబ పోషణకు పంపింది. మొదలు పిల్ల పేరు రాయి. తర్వాత మీ అమ్మది. ఆ తర్వాత నాది."

రాసి, క్యాప్ పెట్టబోయాను.

"నీది యాడ?" అన్నాడు.

ఆఫీసరమ్మ కంప్యూటర్ వైపు చూస్తూ కూర్చుంది, మంచి మనిషి. నేను నా పేరు రాసుకున్నాను, బి.ఎడ్. లేకుండా. నాయన సంతకం పెట్టి, నియమం గురించి ఒక్క మాటా అనకుండా లేచాడు.

మధ్యాహ్నానికి డబ్బు పడింది. శనివారం పొద్దున్నే ఫీజు కట్టేశాం. రశీదు ఫొటో అక్కకు పంపితే వెంటనే ఫోను చేసింది. పిల్లతో మాట్లాడి, ఏడ్చి, నవ్వి, నన్ను పిలవమంది. బ్యాంకులో చివరికి ఏం రాశారని అడిగింది. చెప్పాను, ఎవరెవరి పేర్లో వరసగా.



"ఆ కాగితం జిరాక్స్ తీసినావా?"

"తీసినాక్కా. ఫొటో పంపనా?"

"ఫొటో వద్దు. లామినేషన్ చేయించి పెట్టు. వచ్చినప్పుడు నేను తీసుకుంటా."

లామినేషన్‌కు ముప్పై రూపాయలయింది. నా జీతంలోంచి ఇచ్చాను. పదకొండేళ్లలో అక్క కోసం నేను పెట్టిన మొదటి ఖర్చు అది.